తెలుగు పేర్లతో అడ్డం మెనూ: ఒక గ్రంథాలయం సైటు పని డైరీ

శనివారం

మా ఊళ్ళో స్వచ్ఛందంగా నడిచే గ్రంథాలయానికి ఇదివరకే ఒక వెబ్‌సైటు ఉంది. దాని పైభాగంలో ఉండే మెనూను తిరిగి చేసే పనిని కమిటీ వారు నాకు అప్పగించారు. సైటుకు వాడిన పాత థీమ్ ఇంగ్లీషు పేర్లను దృష్టిలో పెట్టుకుని చేసినది. అందువల్ల తెలుగు పేర్లు వేసేసరికి అవి ఇరుకుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, కొన్నిచోట్ల వత్తుల అడుగు భాగం తెగిపోయి కనిపిస్తున్నాయి. మెనూలో మొత్తం ఆరు పేర్లున్నాయి: మొదటి పుట, పుస్తకాల జాబితా, కార్యక్రమాలు, సభ్యత్వం, చరిత్ర, సంప్రదించండి.

పుట రూపాన్ని నిర్ణయించే భాష అయిన సీఎస్‌ఎస్‌తో జాబితాను అడ్డం మెనూగా మార్చడం గురించి పాఠాలకు కొదవ లేదు. అయితే వాటిలో దాదాపు అన్నీ హోమ్, అబౌట్, కాంటాక్ట్ వంటి పొట్టి పేర్లతోనే నడుస్తాయి. ఆ పేర్లకు సరిపోయిన కొలతలు మన లిపికి సరిపోవు. కొలతలను అక్షరం నుంచి మొదలుపెట్టి పెట్టెకు వెళ్ళాలి తప్ప, ముందే గీసిన పెట్టెలో అక్షరాన్ని కుక్కకూడదన్నది ఈ పనిలో నేను పెట్టుకున్న నియమం. ఎక్కడ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో, ఇలాంటి పని చేసే మరొకరికి ఉపయోగపడేలా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా సీఎస్‌ఎస్ నియమాలుండే ఫైలైన పాత స్టైల్‌షీట్‌ను తెరిచి, వత్తులు ఎందుకు తెగుతున్నాయో వెతికాను. కారణం ఒక్క చోట లేదు, మూడు నాలుగు లైన్లు కలిసి ఆ పరిస్థితిని తెచ్చాయి. పేర్లు పక్కపక్కన నిలవడానికి ప్రతి ఎల్‌ఐకి, అంటే జాబితాలోని ఒక్కో అంశం ట్యాగుకు, ఎడమకు తేలి నిలవమనే ఫ్లోట్ లెఫ్ట్ ఇచ్చారు. పిల్లలన్నీ ఫ్లోట్ అయినప్పుడు తల్లి పెట్టె అయిన యూఎల్ (మొత్తం జాబితా ట్యాగు) ఎత్తు సున్నా అవుతుంది కనుక దాని వెనుక రంగు కనిపించదు. ఆ రంగు కనిపించడం కోసం యూఎల్‌కు, పెట్టె దాటినదాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ ఇచ్చారు. ఇది ఒకప్పుడు అందరూ వాడిన పద్ధతే, ఇంగ్లీషు పేర్లతో దీనికి ఏ ఇబ్బందీ రాదు. కానీ అదే థీమ్‌లో ఎల్‌ఐకి 20 పిక్సెల్స్ ఎత్తు, 20 పిక్సెల్స్ లైన్-హైట్ (పంక్తి ఎత్తు), 16 పిక్సెల్స్ అక్షరం అని రాసి ఉంది. పైన గుడిదీర్ఘమూ కింద రెండు వత్తులూ ఉన్న ‘స్త్రీ’ వంటి అక్షరానికి ఆ 20 పిక్సెల్స్ చాలవు. మామూలుగానైతే అలా మిగిలిన భాగం పెట్టె దాటి బయటికి కనిపిస్తుంది. ఓవర్‌ఫ్లో హిడెన్ ఉన్నందువల్ల అది కనిపించకుండా పోయింది. అంటే, తెగిన వత్తుకు అసలు మూలం ఎప్పుడో తీసుకున్న ఫ్లోట్ నిర్ణయం.

అందుకే పాత స్టైల్స్‌ను సరిదిద్దడం కన్నా మెనూ భాగాన్ని మొదటి నుంచి రాయడమే మేలని తేల్చుకున్నాను.

ఆదివారం

ఈ రోజు స్టైల్ జోలికి పోలేదు, పుట నిర్మాణాన్ని చెప్పే హెచ్‌టీఎంఎల్ మాత్రమే రాశాను. బయట ఇది మెనూ అని తెలిపే నావ్ ట్యాగు, అందులో యూఎల్, అందులో ఆరు ఎల్‌ఐలు, ప్రతి ఎల్‌ఐలో ఒక యాంకర్ లింకు. ఇంతకన్నా ఒక్క ట్యాగు కూడా అదనంగా లేదు.

జాబితా ఎందుకు, నేరుగా నావ్‌లో ఆరు లింకులు పెడితే సరిపోదా అని కమిటీలోని ఒక యువకుడు అడిగాడు. కంటికి రెండూ ఒకేలా కనిపించేలా చేయవచ్చు. తేడా చూపు లేని పాఠకుల దగ్గర తెలుస్తుంది. తెరను గొంతుతో చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్ జాబితాను చేరగానే అందులో ఎన్ని అంశాలున్నాయో ముందే చెబుతుంది కాబట్టి, వినేవారు మొత్తం విని ముందుకు సాగాలో, దాటేసి నేరుగా విషయంలోకి పోవాలో నిర్ణయించుకోగలుగుతారు. విడి లింకులైతే ఎక్కడ ముగుస్తాయో తెలియకుండా వింటూ పోవాలి. రెండో కారణం కూడా ఉంది: నెట్ బలహీనంగా ఉండి స్టైల్‌షీట్ రాకపోతే, జాబితా నిలువుగా, చుక్కలతో, చదవడానికి వీలుగానే నిలుస్తుంది. విడి లింకులు ఒక వాక్యంలా కలిసిపోయి గందరగోళంగా తయారవుతాయి. మా గ్రంథాలయానికి వచ్చేవారిలో చాలామంది ఫోను డేటా మీదే ఆధారపడతారు కనుక దీన్ని నేను చిన్న విషయంగా చూడను.

నావ్‌కు ఏరియా-లేబుల్‌గా, అంటే స్క్రీన్ రీడర్ చదివే పేరుగా, ‘ప్రధాన మెనూ’ అని ఇచ్చాను. నావిగేషన్ అన్న సంగతిని స్క్రీన్ రీడర్ తానుగా చెబుతుంది కాబట్టి ఆ మాటను లేబుల్‌లో మళ్ళీ రాయనక్కర లేదు. పాఠకుడు ఇప్పుడు ఏ పేజీలో ఉన్నాడో తెలియడానికి ఆ పేజీ లింకుకు ఏరియా-కరెంట్ అనే గుణానికి పేజ్ అనే విలువ ఇచ్చాను. పాత థీమ్‌లో దీనికోసం యాక్టివ్ అనే క్లాసు ఉండేది. ఆ క్లాసు కంటికి మాత్రమే పనికొస్తుంది. ఏరియా-కరెంట్ చెవికీ పనికొస్తుంది, పైగా సీఎస్‌ఎస్‌లో ఆ గుణాన్నే సెలెక్టర్‌గా (స్టైల్ దేనికి వర్తించాలో చెప్పే గుర్తుగా) పట్టుకుని రంగు వేయవచ్చు. ఇలా చేస్తే ఎవరైనా పొరపాటున ఆ గుణాన్ని తీసేసినప్పుడు రంగు కూడా పోతుంది కనుక లోపం వెంటనే అందరి కంటా పడుతుంది.

అన్నిటికన్నా పైన, హెచ్‌టీఎంఎల్ ట్యాగులో లాంగ్ అనే గుణానికి తెలుగు సంకేతమైన ‘టీఈ’ని ఇచ్చాను. పాత సైటులో అక్కడ ఇంగ్లీషు సంకేతం ఉంది. అలా ఉన్నప్పుడు స్క్రీన్ రీడర్ తెలుగు పేర్లను ఇంగ్లీషు గొంతుతో చదవడానికి ప్రయత్నించే ప్రమాదం ఉంటుంది. తెలుగు సైట్లు ఎన్నింటినో తెరిచి చూస్తే ఈ ఒక్క గుణం తప్పుగానే ఉండటం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దాన్ని సరిచేయడానికి రెండు అక్షరాలు మార్చితే చాలు.

సోమవారం రాత్రి

ఈ పూట జాబితా సహజ రూపాన్ని తీసివేశాను. బ్రౌజర్లు యూఎల్‌కు తమంతట తాముగా నల్లచుక్క, పైనా కిందా ఒక ‘ఎమ్’ (అక్షరం పరిమాణమంత కొలత) మార్జిన్ అనే బయటి ఖాళీ, ఎడమవైపు 40 పిక్సెల్స్ ప్యాడింగ్ అనే లోపలి ఖాళీ ఇస్తాయి. లిస్ట్-స్టైల్‌కు నన్, మార్జిన్‌కు సున్నా, ప్యాడింగ్‌కు సున్నా ఇవ్వడంతో ఆ మూడూ పోయాయి. మార్జిన్, ప్యాడింగ్ రెండింటినీ సున్నా చేయడం వెనుక ఒక పాత కథ ఉంది. ఎడమవైపు ఆ జరుగుడును కొన్ని బ్రౌజర్లు మార్జిన్‌తో, కొన్ని ప్యాడింగ్‌తో ఇచ్చేవి కనుక రెండూ తీయకపోతే ఏదో ఒక బ్రౌజర్లో మెనూ పక్కకు జరిగి ఉండేది. ఇప్పుడు ఆ భేదం లేకపోయినా రెండూ రాయడమే క్షేమం.

లిస్ట్-స్టైల్ నన్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. సఫారీ బ్రౌజర్లో చుక్కలు తీసేసిన జాబితాను ఆపిల్ స్క్రీన్ రీడర్ అయిన వాయిస్‌ఓవర్ జాబితాగా చెప్పడం మానేస్తుంది. నావ్ ట్యాగు లోపల ఉన్న జాబితాకు మాత్రం ఇది వర్తించదు, దాన్ని జాబితాగానే చెబుతుంది. కాబట్టి పై మెనూకు ఇబ్బంది లేదు. పుట అడుగున ఉండే లింకుల జాబితా నావ్‌లో లేదు కనుక దానికి రోల్ అనే గుణానికి లిస్ట్ అని విడిగా ఇవ్వాలి. ఈ పనిని చివరికి ఉంచుకున్నాను.

మంగళవారం

అడ్డంగా పేర్చే పద్ధతులను ఒకే పుటలో, ఒకే ఆరు పేర్లతో, ఒకదాని కింద ఒకటి పెట్టి చూశాను. ఫ్లోట్ సంగతి శనివారమే తేలిపోయింది కాబట్టి దాన్ని ఇందులో చేర్చలేదు.

మొదటిది ఎల్‌ఐకి డిస్‌ప్లే ఇన్‌లైన్ ఇవ్వడం. పేర్లు వెంటనే ఒక వరుసలోకి వస్తాయి. అయితే ఇన్‌లైన్ పెట్టెకు పైనా కిందా ఇచ్చే ప్యాడింగ్ వరుస ఎత్తును పెంచదు. ఒకే వరుస ఉన్నంతవరకు ఇది తెలియదు. తెర ఇరుకై పేర్లు రెండో వరుసలోకి దిగినప్పుడు, కింది వరుసలోని పేరు వెనుక రంగు పై వరుసలోని పేరు వత్తుల మీదికి ఎక్కి కూర్చుంటుంది. వత్తులు లేని లిపికైతే ఇది కొంతవరకు చెల్లుతుంది, మనకు ఎంతమాత్రం చెల్లదు.

రెండోది ఇన్‌లైన్-బ్లాక్. ఇందులో ప్యాడింగ్ సరిగానే పనిచేస్తుంది. కానీ హెచ్‌టీఎంఎల్‌లో ఒక ఎల్‌ఐ ముగిసి మరొకటి మొదలయ్యే మధ్య మనం కొట్టిన ఎంటర్, తెర మీద ఒక ఖాళీ జాగాగా కనిపిస్తుంది. దాన్ని పోగొట్టడానికి మైనస్ మార్జిన్ ఇమ్మని కొందరు చెబుతారు. ఆ ఖాళీ వెడల్పు ఫాంటును బట్టి మారుతుంది. విండోస్‌లో నిర్మల, ఆపిల్ యంత్రాల్లో కోహినూర్, ఆండ్రాయిడ్‌లో నోటో అంటూ తెలుగు ఫాంట్లు యంత్రానికొకటి ఉన్నప్పుడు, ఒక యంత్రంలో సరిపోయిన మైనస్ విలువ మరో యంత్రంలో సరిపోతుందని అనుకోవడానికి లేదు. తల్లి పెట్టెకు ఫాంట్-సైజ్ సున్నా ఇవ్వడమనే మరో ఉపాయం ఉంది గానీ, ఎమ్‌లలో కొలతలు రాసుకునే వారికి అది అన్ని లెక్కలనూ చెడగొడుతుంది.

మూడోది పెట్టెలను వరుసలో పేర్చే ఫ్లెక్స్. యూఎల్‌కు డిస్‌ప్లే ఫ్లెక్స్ అన్న ఒక్క లైనుతో ఆరు పేర్లూ వరుసలో నిలిచాయి. ఖాళీ జాగాల సమస్య లేదు, తల్లి పెట్టె ఎత్తు పోవడం లేదు, ఓవర్‌ఫ్లో హిడెన్ అవసరం అంతకన్నా లేదు. పైగా ఒక పేరు రెండు లైన్లుగా విరిగినా, వరుసలోని మిగతా పెట్టెలు దానితో సమానంగా సాగి నిలుస్తాయి. ఫ్లెక్స్ తొలి ముసాయిదా 2009లో వచ్చింది. మధ్యలో దాని రాత విధానం మారడం వల్ల చాలాకాలం రెండు మూడు రకాలుగా రాయవలసి వచ్చేది. ఇప్పుడు ఆ బాధ లేదు.

పేర్ల మధ్య దూరానికి గ్యాప్ వాడాను. మార్జిన్ వాడితే చివరి పేరు పక్కన మిగిలిపోయే ఖాళీని మళ్ళీ విడిగా తీయాలి. గ్యాప్ రెండు పేర్ల నడుమ మాత్రమే వస్తుంది, పేర్లు కింది వరుసకు దిగితే వరుసల నడుమ కూడా అదే వస్తుంది. ఫ్లెక్స్‌లో గ్యాప్ ఫైర్‌ఫాక్స్‌కు 2018లో, క్రోమ్‌కు 2020లో, సఫారీకి 2021లో వచ్చింది. అంతకన్నా పాత ఫోన్లలో గ్యాప్ రాకపోయినా, లింకు లోపలి ప్యాడింగ్ వల్ల పేర్లు విడివిడిగానే ఉంటాయి. ఆ మాత్రం తేడాను నేను సమ్మతించగలను.

వరుసను రెండు అంచులకూ సాగదీసే జస్టిఫై-కంటెంట్ స్పేస్-బిట్వీన్‌ను వాడలేదు. వెడల్పు తెర మీద అది నిండుగా కనిపిస్తుంది గానీ, పేర్లు కింది వరుసలోకి దిగి అక్కడ రెండే మిగిలినప్పుడు అవి చెరొక అంచుకూ పోయి, మధ్యలో ఏదో రాలేదేమో అనిపించేంత ఖాళీ మిగులుతుంది. ఎడమవైపు నుంచి వరుసగా నిలవడమే మా పేర్లకు నప్పింది.

బుధవారం

ఈ పనికి గుండెకాయ వంటి భాగం ఈ రోజు చేసినది. అందుకే దీన్ని కాస్త వివరంగా రాస్తాను.

లైన్-హైట్ అంటే ఒక పంక్తికి కేటాయించిన ఎత్తు. ఫాంటు తన అక్షరాలకు పైన ఎంత, కింద ఎంత కావాలో లోపల రాసుకుని ఉంటుంది. మనం ఇచ్చిన లైన్-హైట్ దానికన్నా ఎక్కువైతే మిగిలినది పైనా కిందా సగం సగం చేరుతుంది, తక్కువైతే పైనా కిందా సగం సగం కోత పడుతుంది. ఎత్తు తక్కువగా కట్టిన అలమరా అరలో పెద్ద సైజు పుస్తకాన్ని నిలబెట్టబోయినట్లు, అక్షరం ఆ కోతను దాటి బయటికి పొడుచుకు వస్తుంది. ఇంగ్లీషుకు 1.2 అనే విలువ మెనూల్లో విరివిగా కనిపిస్తుంది. తెలుగులో అక్షరం మూడు అంతస్తుల్లో ఉంటుంది: మధ్యన హల్లు, పైన తలకట్టు లేదా గుడి, కింద వత్తు, కొన్నిచోట్ల వత్తు కింద మరో వత్తు.

మా పేర్లలోనే ‘కార్యక్రమాలు’ తీసుకుని బ్రౌజర్‌లో నాలుగు రెట్లు పెద్దది చేసి చూశాను. రకారం కింద యవత్తు చాలా దిగువకు, కుడివైపుకు వంగి పోతుంది. క్రలో రావత్తు కకారం కింద నుంచి ఎడమకు చుట్టుకుంటుంది. 1.2 దగ్గర యవత్తు కొస సరిగ్గా పెట్టె గీత మీద ఆనింది. 1.4 దగ్గర గీతకూ వత్తుకూ మధ్య సన్నని వెలుతురు కనిపించింది. 1.6 దగ్గర పైన తలకట్టుకీ, కింద వత్తుకూ దాదాపు సమానమైన చోటు వచ్చి పేరు పెట్టె మధ్యలో కూర్చున్నట్లు కనిపించింది. ‘సభ్యత్వం’తోనూ, పరీక్ష కోసం తాత్కాలికంగా పెట్టిన ‘స్త్రీ’తోనూ ఇదే తేలింది. లైన్-హైట్‌ను 1.6గా స్థిరపరిచాను. పిక్సెల్స్ ఇవ్వకుండా ఉత్త అంకె ఇవ్వడం వల్ల పాఠకుడు అక్షరాలను పెద్దవి చేసుకున్నప్పుడు చోటు కూడా దానితోపాటే పెరుగుతుంది. ఎల్‌ఐకి గానీ లింకుకు గానీ హైట్ అనే ప్రాపర్టీనే రాయలేదు. ఎత్తును అక్షరమే నిర్ణయించాలి.

అక్షరం పరిమాణం 1.125 రెమ్ (పుట మూల అక్షరం పరిమాణాన్ని బట్టి లెక్కించే కొలత), అంటే మామూలు అమరికలో 18 పిక్సెల్స్. 18ని 1.6తో గుణిస్తే 28.8. లింకుకు పైనా కిందా 0.5 ఎమ్ చొప్పున ప్యాడింగ్, అంటే 9, 9. మొత్తం 46.8 పిక్సెల్స్ ఎత్తు వచ్చింది. వేలితో తాకే చోటు కనీసం 24 పిక్సెల్స్ ఉండాలని 2023 అక్టోబరులో వెలువడిన, వెబ్ అందరికీ అందుబాటులో ఉండటానికి చేసిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం రెండో స్థాయిలో చెబుతుంది, పై స్థాయిలో 44 అడుగుతుంది. తెలుగు అక్షరానికి ఇవ్వవలసిన చోటు ఇచ్చేసరికి, ఆ పై స్థాయి దానంతట అదే అందింది. ఇది నాకు చాలా సంతోషం కలిగించిన లెక్క.

ఈ ప్యాడింగ్‌ను ఎల్‌ఐకి కాక లింకుకే ఇచ్చి, లింకును డిస్‌ప్లే బ్లాక్ చేశాను. ఎల్‌ఐకి ఇస్తే పెట్టె పెద్దదిగా కనిపిస్తుంది గానీ, అక్షరాల మీద నొక్కితేనే పేజీ తెరుచుకుంటుంది. అంచున నొక్కినవారు తమ ఫోనే పనిచేయడం లేదనుకుంటారు.

పాత థీమ్‌లోని మరి మూడు లైన్లను కూడా ఈ రోజే తీసేశాను. టెక్స్ట్-ట్రాన్స్‌ఫార్మ్ అప్పర్‌కేస్ తెలుగు మీద ఏ ప్రభావమూ చూపదు, మనకు పెద్దబడి అక్షరాలు లేవు. లెటర్-స్పేసింగ్ మాత్రం ప్రభావం చూపుతుంది, అదీ చెడ్డగా. హల్లూ దాని గుణింతమూ వత్తూ కలిసి ఒకే అక్షరంగా చదువుకునే కంటికి, అక్షరాల మధ్య చొప్పించిన దూరం పేరును తునకలుగా చూపిస్తుంది. మూడోది వర్డ్-బ్రేక్ బ్రేక్-ఆల్. అది ‘సంప్రదించండి’ని ఇరుకు తెర మీద ‘సంప్రదిం’ దగ్గర విరిచి ‘చండి’ని కింది లైనులోకి తోసేది. ఒక గ్రంథాలయం సైటులో ఆ దృశ్యం ఉండకూడదు. దాన్ని తీసేసి, వెడల్పు తెరల మీద ‘పుస్తకాల జాబితా’ వంటి రెండు పదాల పేరు కూడా విరగకుండా వైట్-స్పేస్‌కు నోర్యాప్ ఇచ్చాను.

గురువారం

ఇక రంగులు, గీతలు. లింకు రంగుకు 003366 అనే ముదురు నీలం, వెనుక తెలుపు. వీటి మధ్య వ్యత్యాసం దాదాపు 12.6కు 1. ప్రమాణం అడిగేది 4.5కు 1 మాత్రమే. కమిటీలో ఒకరు లేత బూడిద రంగు హుందాగా ఉంటుందన్నారు. తెలుపు మీద 767676 అనే బూడిద 4.54తో గట్టెక్కుతుందనీ, కంటికి దానికి తేడా తెలియని 777777 మాత్రం 4.48తో ఆగిపోతుందనీ పక్కపక్కన పెట్టి చూపించాను. గట్టెక్కే రంగు కూడా మా పాఠకులకు చాలదని నా అభిప్రాయం. సాయంత్రం ఆరింటికి వరండాలో కూర్చుని ఫోను చూసే పెద్దవారు మా సైటుకు ముఖ్యమైన పాఠకులు. ముదురు నీలమే ఖాయమైంది.

మెనూ లింకుల కింద బ్రౌజర్ ఇచ్చే అడ్డగీతను తీసేశాను. కారణం అందం కాదు. ఆ గీత సరిగ్గా వత్తుల మీదుగా పోతుంది. ఇప్పటి బ్రౌజర్లు అక్షరం తగిలిన చోట గీతను ఆపి, దాటాక మళ్ళీ కొనసాగిస్తాయి గనుక ‘కార్యక్రమాలు’ కింద గీత ముక్కలు ముక్కలుగా మిగిలి, ఏది గీతో ఏది వత్తో పోల్చుకోవడం కష్టమవుతుంది. దాని బదులు లింకు పెట్టెకు అడుగున 3 పిక్సెల్స్ బోర్డర్ ఇచ్చాను. అది ప్యాడింగ్ కింద ఉంటుంది కాబట్టి ఏ వత్తునూ తాకదు. ఈ బోర్డర్ అన్ని లింకులకూ ఎప్పుడూ ఉంటుంది, మామూలుగా రంగు లేకుండా. మౌస్ మీదికి వచ్చినప్పుడు, లేదా ఆ పేజీలోనే ఉన్నప్పుడు దానికి రంగు వస్తుంది. అప్పటికప్పుడు బోర్డర్‌ను చేరిస్తే పెట్టె 3 పిక్సెల్స్ పెరిగి, కింద ఉన్న పుటంతా ఒక్కసారి కదులుతుంది.

ఉన్న పేజీని చూపడానికి అక్షరాలను బొద్దుగా చేయడం కూడా పాత పద్ధతే. దాన్ని వదిలిపెట్టాను. బొద్దు అక్షరం ఎక్కువ వెడల్పు తీసుకుంటుంది కనుక ఒక్కో పేజీలో మెనూ ఒక్కోలా జరుగుతుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఫాంటులో ఉంది: బొద్దు రూపం లేని తెలుగు ఫాంటు దొరికినప్పుడు బ్రౌజర్ తానే గీతలను మందం చేస్తుంది, అప్పుడు ‘భ్య’, ‘త్వ’ వంటి అక్షరాల లోపలి సందులు పూడుకుపోతాయి.

లింకు స్థితుల వరుసను లింక్, విజిటెడ్, హోవర్ (మౌస్ మీద ఉన్నప్పుడు), ఫోకస్, యాక్టివ్ అన్న క్రమంలోనే రాశాను. అన్నిటి బలమూ సమానం కాబట్టి తర్వాత రాసినది నెగ్గుతుంది, క్రమం తప్పితే హోవర్ పనిచేయడం లేదని తల పట్టుకోవాలి. కీబోర్డుతో వచ్చేవారికి కనబడేలా ఫోకస్-విజిబుల్‌కు 3 పిక్సెల్స్ అవుట్‌లైన్ ఇచ్చాను. ఈ సెలెక్టర్ 2022 మార్చి నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉంది. పాత థీమ్‌లో అవుట్‌లైన్ నన్ అని ఉండేది. మౌస్ పట్టలేనివారికి ఆ ఒక్క లైను మెనూను పూర్తిగా చీకటి చేస్తుంది.

హోవర్ రంగును, హోవర్ చేయగల పరికరాలకే పరిమితం చేసే మీడియా క్వెరీలో పెట్టాను. లేకపోతే ఫోనులో ఒకసారి తాకిన పేరు రంగు అలాగే అంటుకుని ఉండిపోయి, రెండు పేజీల్లో ఉన్నట్లు భ్రమ కలిగిస్తుంది.

శనివారం, గ్రంథాలయంలో

ఫోనుల మీద ఎలా ఉందో చూడటానికి గ్రంథాలయానికే వెళ్ళాను. ఆరు పేర్లూ, పట్టని పేర్లను కింది వరుసకు దించే ఫ్లెక్స్-వ్రాప్ వల్ల, మూడు వరుసల్లో నిలిచాయి. చదవడానికి బాగానే ఉన్నా, పేర్ల పొడవులు వేరు కావడంతో కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉంది. కమిటీ యువకుడు మూడు గీతల బొమ్మ పెట్టి, తాకితే మెనూ తెరుచుకునేలా చేద్దామన్నాడు. పక్కనే పత్రిక చదువుతున్న పదవీ విరమణ చేసిన మాస్టారు తలెత్తి, “చూడమ్మా, ఆ మూడు గీతలు ఏమిటో మాలాంటివాళ్ళకి తెలియదు. పేర్లు కనపడితే చదువుకుని నొక్కుతాం” అన్నారు. నేనూ అదే పక్షం. పదీ పదిహేను పేర్లున్నప్పుడు దాచడానికి అర్థం ఉంది. ఆరు పేర్లను దాచి, పాఠకుడి చేత ఒక తాకుడు అదనంగా చేయించడానికి నాకు కారణం కనిపించలేదు.

అక్కడే కూర్చుని ఇరుకు తెరలకు, పేర్లను గడులుగా పేర్చే గ్రిడ్ రాశాను. తెర 40 ఎమ్‌ల కన్నా సన్నగా ఉన్నప్పుడు యూఎల్ ఫ్లెక్స్ నుంచి గ్రిడ్‌కు మారుతుంది. ఒక్కో గడి కనీసం ఇంత వెడల్పు ఉండాలి, ఎన్ని పడితే అన్ని రావాలి అని ఆటో-ఫిట్, మిన్‌మ్యాక్స్‌లతో చెప్పాను. కనీస వెడల్పు ఎంతన్నది కూడిక వేసి తేల్చవలసిన సంగతి. 9 రెమ్‌లు అంటే 144 పిక్సెల్స్. 360 పిక్సెల్స్ ఫోనులో రెండు వైపులా 16 చొప్పున అంచు పోగా 328 మిగులుతుంది. రెండు గడులకూ, నడుమ 8 పిక్సెల్స్ గ్యాప్‌కూ 296 చాలు, సుఖంగా పడతాయి. కానీ 320 పిక్సెల్స్ తెరలో అంచులు పోగా మిగిలేది 288. ఆ 296 అందులో పట్టదు, ఆరు పేర్లూ ఆరు వరుసలై తెర సగం నిండుతుంది. కనీస వెడల్పును 8.5 రెమ్‌లకు తగ్గిస్తే గడి 136, రెండూ గ్యాప్‌తో కలిపి 280. రెండు తెరల్లోనూ మూడు వరుసలు, వరుసకు రెండు పేర్లు, కుడి అంచు తిన్నగా వచ్చింది. ఈ ఇరుకు అమరికలో నోర్యాప్‌ను ఎత్తేశాను. పాఠకుడు అక్షరాలను బాగా పెద్దవి చేసుకుంటే ‘పుస్తకాల’ ఒక లైనులో, ‘జాబితా’ మరో లైనులో నిలుస్తాయి, పదం మాత్రం మధ్యలో విరగదు.

మీడియా క్వెరీని పిక్సెల్స్‌లో కాక ఎమ్‌లలో రాయడానికి కారణం కూడా ఇదే. బ్రౌజర్ అమరికల్లో అక్షరాలను పెద్దవి చేసుకున్నవారికి తెర వెడల్పు మారకపోయినా ఎమ్‌ల లెక్కలో తెర సన్నబడుతుంది, వారికి గ్రిడ్ ముందుగానే అందుతుంది.

ఆదివారం

ఫాంటు విషయం తేల్చాను. ఎక్ టైప్ వారి అనేక్ తెలుగు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతుంది. అది ఒకే ఫైలులో మందాన్నీ వెడల్పునూ మార్చుకోగల వేరియబుల్ ఫాంటు, వెడల్పు 75 నుంచి 125 శాతం దాకా సాగుతుంది. ఇరుకు తెరల మీద ఫాంట్-స్ట్రెచ్‌ను 90 శాతం చేస్తే, అక్షరం ఎత్తు తగ్గకుండానే పేరు కొద్దిగా సన్నబడుతుంది. అక్షరాన్ని చిన్నది చేయడం కన్నా ఇది ఎంతో మెరుగు. 80కి దిగితే వత్తులు పక్క అక్షరాల కిందికి చేరి ఇరుకనిపించాయి కాబట్టి 90 దగ్గర ఆపాను. ఫాంటు వచ్చేలోగా ఫోనులోని ఫాంటుతోనే పేర్లు కనిపించేలా ఫాంట్-డిస్‌ప్లేకు స్వాప్ ఇచ్చాను. ఫాంటు మారే క్షణంలో పేర్లు కాస్త జరుగుతాయి. ఖాళీ తెర చూపించడం కన్నా అది నయం.

ప్రింటు తీసేటప్పుడు మెనూ కనిపించకుండా చేసే రెండు లైన్లు కూడా చేర్చాను. పుస్తకాల జాబితాను కాగితం మీద తీసి నోటీసు బోర్డుకు అంటించడం ఇక్కడ మామూలే.

మంగళవారం

‘పుస్తకాల జాబితా’ కింద కథలు, నవలలు, కవిత్వం, పిల్లల పుస్తకాలు అని ఉపమెనూ కావాలని గ్రంథపాలకురాలు అడిగారు. మౌస్ పెడితే తెరుచుకునే రకం ఫోనులో పనికిరాదు, కీబోర్డుకూ అందదు. అందుకని ఆ నాలుగు పేర్లనూ పుస్తకాల పుటలోనే, శీర్షిక కింద, ఇదే స్టైల్‌తో రెండో జాబితాగా పెడదామని చెప్పాను. “సరేనండీ, పుట తెరవగానే కనబడితే చాలు” అని ఆమె ఒప్పుకున్నారు. మున్ముందు నిజంగా ఉపమెనూ వస్తుందేమోనని, సెలెక్టర్‌ను నావ్‌లోని యూఎల్‌లన్నిటికీ కాక, నేరుగా నావ్ కింద ఉన్న యూఎల్‌కే వర్తించేలా రాశాను. లేకపోతే లోపలి జాబితా కూడా అడ్డంగా పరుచుకుంటుంది.

ఊళ్ళో ఉర్దూ పాఠకులు కూడా ఉన్నారు, వారికోసం ఒక పుట చేయాలన్న ఆలోచన ఉంది. ఫ్లెక్స్, గ్రిడ్ రెండూ పుట దిశను బట్టి కుడి నుంచి ఎడమకు వాటంతట అవే తిరుగుతాయి. ప్యాడింగ్-లెఫ్ట్, ప్యాడింగ్-రైట్ అని రాసిన చోట్ల మాత్రం ప్యాడింగ్-ఇన్‌లైన్ అని మార్చి ఉంచాను.

పుట అడుగు జాబితాకు రోల్ లిస్ట్ చేర్చి, ఐఫోనులో వాయిస్‌ఓవర్‌తో వినిపించుకున్నాను. జాబితా అనీ, అంశాల సంఖ్యా చెప్పింది. పాత స్టైల్‌షీట్‌లోని మెనూ భాగాన్ని తొలగించి కొత్తదాన్ని సైటులోకి ఎక్కించాను. ఉపజాబితా పేర్ల తుది క్రమాన్ని గ్రంథపాలకురాలు పంపగానే పుస్తకాల పుట పని మొదలుపెడతాను.